గాలి తీసిన బండి

నేను ఏది చెప్పినా సగం కొట్టేసి మిగతా సగం నమ్మడం మా బంధువుల అలవాటు. పాకాల అడవిలో ఒక ఎలుగుబంటి నా వెనక సీట్లో కూర్చొని మూడు మైళ్ళు వచ్చిందని చెప్తే, వాళ్ళు ఎలుగుబంటిని కొట్టేసి మూడు మైళ్ళను ఉంచుకున్నారు. ఈ ప్రయాణం సంగతి మాత్రం ఏమీ కొట్టేయకుండా చదవండి. ఇందులో ఒక్కటే అబద్ధం ఉంది. అది నేను ప్రయాణానికి చాలా ముందే, సరదాకి ఆడింది. దాని మీదే మా నలుగురి ప్రాణాలు ఖమ్మం నుంచి మణుగూరు అడవి దాకా ఊగులాడాయి.

మణుగూరులో మా అత్తమ్మ చెల్లెలు కొత్త ఇల్లు కట్టుకుని ఆదివారం నాడు పాస్టరుగారిని పిలిచి కృతజ్ఞతా కూడిక పెట్టుకుంది. దానికి పోయి, అట్నుంచి భద్రాచలంలో గోదావరి చూసి రావాలని అనుకున్నాం. రోహిణి కార్తె ఎండలు.

ఖమ్మం

నాకు ఖమ్మంలో స్టీలు సామాను దుకాణం ఉంది. గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను పాడైతే నేనే విప్పి నేనే బిగిస్తాను. అది చేసేవాడికి బండి ఒక లెక్కా అన్న ధైర్యంతో ఒక సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను. వీధిలో అందరూ దాన్ని జీపు అనేవాళ్ళు. నేను పట్టుబట్టి ఎస్‌యూవీ అనేవాణ్ణి. కొన్నప్పటి నుంచి దాని మీద మెకానిక్ చెయ్యి పడనివ్వలేదు. ఆయిలు నేనే మార్చాను. ముందు ఇనప గార్డు నేనే బిగించాను. పైన క్యారియరు, కింద పొగమంచు లైట్లు. ఖమ్మంలో పొగమంచు ఏ సంవత్సరం చూశారని మా ఆవిడ సరోజ అడిగింది. జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను.

చివరగా రివర్సు గేరు వేస్తే పాట పాడే చిన్న పెట్టె ఒకటి తెప్పించి వెనక లైట్ల దగ్గర కలిపాను. అక్కడ ఒక తీగకు బదులు ఇంకో తీగ కలిసింది. రివర్సు వేస్తే చడీచప్పుడూ ఉండదు. బ్రేకు తొక్కితే మాత్రం పిల్లల ఆటబొమ్మ పాడినట్లు టింటింటిం అని మొదలవుతుంది. కాలు తీస్తే ఆగుతుంది. మళ్ళీ తొక్కితే మళ్ళీ మొదటి నుంచి. విదేశాల్లో బళ్ళన్నీ ఇట్లాగే పాడతాయని వీధిలో చెప్పేశాను కాబట్టి ఇక విప్పి సరిచేసే వీలు లేకపోయింది.

అంతకు ముందు నెలలో ఒక పెళ్ళికి పోతుంటే వైరా రోడ్డు మీద బండి ఆగిపోయింది. సరోజ పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని వెనక నుంచి తోసింది. ఆమె మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. తోస్తున్నప్పుడు తన పదో తరగతి పిల్లలు ఆటోలో పోతూ నమస్తే టీచర్ అన్నారు. ఆ రాత్రి అన్నం పెట్టలేదని కాదు, పెట్టింది. కాని పెడుతూ తీర్పు చెప్పింది.

"మీ చెయ్యే చాలంటరు గదా, ఈ ఒక్కసారి చూస్త. మణుగూరు పోయి, భద్రాచలం పోయి, ఇంటికొచ్చేదాక మెకానిక్ చెయ్యి పడొద్దు. పడ్డదా, యాకోబన్నకు తాళాలిచ్చేస్త."

యాకోబన్న ఆమె పెదనాన్న కొడుకు. మిర్చి వ్యాపారం. మా బండి మీద ఆయనకు ఎప్పటి నుంచో కన్ను. ఎప్పుడొచ్చినా ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, తర్వాత మా క్షేమం అడుగుతాడు.

బయల్దేరే ముందురోజు చూస్తే వెనక చక్రాల దగ్గర బ్రేక్ ఆయిలు పోయే రబ్బరు పైపులు రెండూ చిట్లి ఉన్నాయి. కొత్తవి తెచ్చి నేనే మార్చాను. సాయానికి మా బామ్మర్ది దేవదానం ఉన్నాడు. దేవదానం ఇల్లందు బొగ్గు గనిలో హాజరు గుమస్తా. చెప్పిన పని చెప్పినట్లు చేసే మనిషి. నన్ను మా బంధువులందరిలో పూర్తిగా, ఏమీ కొట్టేయకుండా నమ్మేది అతను ఒక్కడే. ఆ సంగతి నాకు ఎంతో గొప్పగా ఉండేది.

పైపు విప్పితే లోపలికి గాలి చేరుతుంది. ఆ గాలి బయటికి పోయేదాకా బ్రేకు పట్టదు. చక్రం దగ్గర చిన్న బిరడా వదులు చేస్తే ఆయిలుతో పాటు గాలి బుడగలు బయటికి వస్తాయి. దాన్నే గాలి తీయడం అంటారు. పైపులు బిగించేసరికి కరెంటు పోయింది, అత్తమ్మ భోజనానికి రెండోసారి పిలిచింది. నేను చేతులు తుడుచుకుంటూ, "దేవదానం, నువ్వు జర నాలుగు చక్రాలకు గాలి తీసిపెట్టు, నేను తిని వస్త" అన్నాను. తిని వచ్చేసరికి అతను అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"తీసినవా?"

"తీసిన బావా. నాలుగిటికి నాలుగు తీసిన."

నిజానికి ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కాలి, ఒకరు బిరడా తిప్పాలి. ఒక్కడే ఎట్లా చేశాడన్న అనుమానం నాకు రాకపోలేదు. కాని ఉక్కపోత, చీకటి, కడుపునిండా చింతచిగురు పప్పు. నమ్మాలనిపించింది, నమ్మాను.

పొద్దున చూస్తే నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయి, బండి పడుకున్న ఎద్దులా ఉంది. వీధి పిల్లల పనే అనుకుని, వాళ్ళ తాతముత్తాతల దాకా మనసులోనే తిట్టుకున్నాను. మెకానిక్ షాపుకు పోకూడదు కాబట్టి కాలి పంపు తీశాను. దేవదానం నాతో వంతులేసుకుని చాలా శ్రద్ధగా గాలి కొట్టాడు. అంత శ్రద్ధ ఎందుకో అప్పుడు ఆలోచించి ఉండవలసింది.

సందు దాటేటప్పుడు మొదటిసారి బ్రేకు తొక్కాను. నానిన అటుకుల మీద కాలు పెట్టినట్లు పెడలు మెత్తగా లోపలికి దిగింది. బండి ఆగలేదు. రెండోసారి తొక్కితే నెమ్మదించింది. కొత్త పైపులు, సర్దుకోవాలి కదా, కొత్త చెప్పులు మాత్రం మొదటి రోజే సర్దుకుంటాయా అని నాకు నేను చెప్పుకున్నాను. కాని అరికాలు నా మాట వినలేదు. అప్పటికే చెమట పట్టింది.

ఇల్లందు

ముందు సీట్లో సరోజ, వెనక అత్తమ్మ, దేవదానం. అత్తమ్మ ఒళ్ళో చెల్లెలి కొత్త ఇంటికి కొన్న గోడ గడియారం. దారంతా అది ఆమె ఒళ్ళో టిక్కుటిక్కుమంటూనే ఉంది. నాకు అది గడియారంలా వినిపించలేదు.

ఖమ్మం నుంచి ఇల్లందు పోయే దారిలో ఎదురయ్యేవి బొగ్గు లారీలు. పైన కప్పిన పట్టా అంచుల నుంచి నల్లటి పొడి రాలుతూ ఉంటుంది. మామూలప్పుడు నేను ఒక లారీని దాటి ఇంకో లారీని తరుముతాను. ఆ రోజు ప్రతి లారీకీ దారి ఇచ్చాను. ముందు పోయేదానికి నాలుగు బళ్ళు పట్టేంత ఎడం వదిలాను. ఆ ఎడంలో ఆటోలు దూరాయి, మోటారు సైకిళ్ళు దూరాయి, చివరికి ఒక గొర్రెల మంద దూరింది. అల్లుడికి బుద్ధొచ్చిందని అత్తమ్మ వెనక నుంచి దేవునికి స్తోత్రం చెప్పింది.

ఇల్లందులో దేవదానం క్వార్టర్లో ఆ పూట మకాం. గని మొదలుపెట్టిన తాతల కాలం నాటి ఊరు. అక్కడ తెల్లచొక్కా వేసుకున్నవాణ్ణి కొత్తవాడని గుర్తుపడతారని మా దేవదానానికి నేనే ఒకప్పుడు చెప్పాను. అతను అక్కడే పుట్టి కూడా, అవ్ బావా, నిజమే అన్నాడు. వీధి చివర బండిలో మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. ఖమ్మంలో బజ్జీలో వాము, చింతపండు పెడతారు. ఇక్కడ లోపల ఏమీ పెట్టరు, పైన ఉల్లిపాయ చల్లి నిమ్మకాయ పిండి ఇస్తారు. ధర మాత్రం మా ఊళ్ళో సగం. షిఫ్టు దిగి వచ్చే మనిషికి మసాలా అక్కర్లేదు, వేడి కావాలి అని బజ్జీలాయన చెప్పాడు. ఆ పూట నాకు ఏదీ రుచించలేదు. క్వార్టర్ ముందు బండి ఆపడానికి మళ్ళీ రెండుసార్లు తొక్కవలసి వచ్చింది. టింటిం, టింటింటిం.

సరోజ దిగుతూ నా వైపు ఒకసారి చూసింది. ఆమె బోర్డు మీద తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి ఇట్లాగే చూస్తుంది. తప్పు ఎక్కడుందో వాడే చెప్పేదాకా ఆగుతుంది.

అప్పుడే చెప్పి ఉంటే అయిపోయేది. రెండు సందుల అవతల మెకానిక్ షెడ్డు కనిపిస్తూనే ఉంది. కాని దాని మీద బోర్డు చదివిన ప్రతిసారీ నాకు యాకోబన్న బండి చుట్టూ తిరగడమే కళ్ళ ముందు ఆడింది.

టేకులపల్లి

మరునాడు పొద్దున్నే టేకులపల్లి చేరాం. రోడ్డు పక్క ఒక ముసలాయన తాటి ముంజలు కోస్తున్నాడు. ఖమ్మంలో ముంజలు ప్లాస్టిక్ కవర్లో ఇస్తారు, ఇక్కడ తాటాకు దొన్నెలో. ఇచ్చేముందు ఒక ముంజ తను నొక్కి చూసి, ముదిరితే పక్కన పడేస్తాడు. డజను ఇరవై ఖమ్మంలో, ఇక్కడ పది, పైగా కొసరు రెండు. నేను బండి ఆపుతుంటే పెట్టె మూడుసార్లు మొదలై మూడుసార్లు ఆగింది. ముసలాయన కత్తి ఆపి చూశాడు.

"మీ బండికి దగ్గు పట్టిందా సారూ?"

దేవదానం నవ్వాడు. సరోజ నవ్వలేదు. నేను విదేశీ బళ్ళ సంగతి ఎత్తుకోబోయి, మానుకుని, ముంజ నోట్లో వేసుకున్నాను.

అక్కడి నుంచి మణుగూరుకు మంచి దారి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా. చుట్టు దారి, లారీలు, బస్సులు, అడుగడుగునా కూడళ్ళు. ఇంకో దారి అడవిలోంచి. దగ్గర అని దేవదానం చెప్పాడు, ఎదురుబండి కూడా ఉండదన్నాడు. నా భయం నాకు ఒక లెక్క నేర్పింది. బళ్ళు తక్కువైతే బ్రేకు అవసరం తక్కువ. కాబట్టి అడవి దారే మంచిది. ఆ లెక్కలో గుట్టలను కలుపుకోవడం మరిచిపోయాను.

అడవి దారి

మొదట అంతా బాగానే ఉంది. రెండు వైపులా తునికి చెట్లు, మద్ది చెట్లు. బీడీలకు తునికాకు కోత అయిపోయి కల్లాలు ఖాళీగా ఉన్నాయి. ఎక్కడో ఒక గూడెం, నాలుగు ఇళ్ళు, ఒక చేతిపంపు, మా బండిని చూసి లేచి మళ్ళీ పడుకునే కుక్క. గేరు మార్చి వేగం తగ్గిస్తూ, బ్రేకు వైపు కాలు పోనివ్వకుండా నడుపుతున్నాను. కుడి కాలి పిక్క బిగుసుకుపోయింది. అత్తమ్మ సన్నగా కీర్తన పాడుతోంది.

ఎక్కడం మొదలైందని ఇంజను చెప్పింది. ఎక్కినదంతా దిగాలన్న సంగతి గుట్ట పైకి వచ్చాక నాకు తట్టింది. అప్పటికే బండి ముక్కు కిందికి వంగింది.

రెండో గేరులో దిగుతున్నాం. పెడలు తొక్కాను. దిగింది. మళ్ళీ తొక్కాను. టిం. మళ్ళీ. టింటిం. మళ్ళీ. వేగం తగ్గకపోగా మెల్లమెల్లగా పెరుగుతోంది. వాన నీళ్ళు రోడ్డును కోసిన గండి ఒకటి ఎగిరి దాటాం, గోడ గడియారం అత్తమ్మ ఒళ్ళోంచి లేచి మళ్ళీ ఒళ్ళో పడింది. హ్యాండ్ బ్రేకు లాగాను. చేతికి వచ్చినట్లే వచ్చింది, బండికి మాత్రం తెలియలేదు. మలుపు తిరిగాం.

కింద, పల్లం చివర, రోడ్డుకు అడ్డంగా పొడుగాటి వెదురు గడ. గడ ముందు పళ్ళెంతో ఒకామె, వెనక పది పదిహేనుమంది ఆడవాళ్ళు. కొప్పుల్లో పూలు, చేతులు చేతులు పట్టుకుని వరసగా నిలబడి అడుగులు వేస్తున్నారు.

హారన్ కొట్టాను. వాళ్ళు చేతులు ఊపారు. పెడలు మీద కాలు ఎగరేస్తూనే ఉన్నాను, పెట్టె పాట మొదలవుతూ తెగుతూ మళ్ళీ మొదలవుతూ ఉంది. ఆ పాట తమ కోసమే అనుకున్నారు కాబోలు, వరస ఇంకా హుషారుగా ఊగింది. వెనక అత్తమ్మ కీర్తన ఆగిపోయింది. ఆమె కీర్తన ఆగడం నా పెళ్ళైనప్పటి నుంచి నేను వినలేదు.

"సరోజా, బ్రేకు లేదు."

ఆమె నిజమా అని అడగలేదు. ఎట్లా అని కూడా అడగలేదు. ముందుకు వంగి చూసి, "ఎడమకు ఇసుకున్నది, ఎక్కియ్యి" అంది.

కల్వర్టు పనికి పోసిన ఇసుక కుప్ప. నాకు కనిపించనే లేదు. మొదటి గేరులోకి దించాను, ఇంజను గోలపెట్టింది, స్టీరింగు ఎడమకు తిప్పాను. బండి ఇసుకలోకి మోకాళ్ళ దాకా దిగబడి, ఒకసారి ముందుకు ఊగి, నిలబడిపోయింది. నేను ఎంతో ముచ్చటపడి బిగించిన ఇనప గార్డుకూ వెదురు గడకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. ఆ చోటులో నిలబడి ఉన్న మనిషి, చేతిలో పళ్ళెంతో, నవ్వుతూ నా వైపు వచ్చింది.

ఇసుక కుప్ప దగ్గర

ఆమె పేరు జోగమ్మ. ఆ గూడెం ఆడవాళ్ళకు పెద్ద. తొలకరికి ముందు విత్తనాలకు వాళ్ళు చేసే పండుగ అది. ఆ రోజుల్లో మగవాళ్ళంతా వేటకు పోతారు, ఆడవాళ్ళు దారి కడతారు. వచ్చే ప్రతి బండీ ఆగి పండుగ కానుక ఇచ్చి పోవాలి. మేం క్రిస్మస్ ముందు పాటలు పాడుకుంటూ ఇంటింటికీ పోతాం, తలుపు తీయని వాళ్ళను ఏమీ చేయలేం. వీళ్ళ పద్ధతిలో తలుపు గొడవే లేదు, రోడ్డే మూసేస్తారు. మామూలప్పుడైతే ఈ పోలిక ఎంతో నచ్చి అక్కడే నలుగురికీ చెప్పేవాణ్ణి. అప్పుడు నా చేతులు స్టీరింగును వదలడం లేదు.

"ఆగనంటివి, ఇసుకలకు ఉరికిస్తివి. పండుగ పైసలు ఎగ్గొడదామనా?" అని జోగమ్మ అడిగింది.

"లేదమ్మా. బ్రేకు పడలేదు."

ఆమె వెనక్కి తిరిగి తమ భాషలో ఆ మాట చెప్పింది. అందరూ ఒక్కసారిగా నవ్వారు. మళ్ళీ నా వైపు తిరిగి మెచ్చుకుంటున్నట్లు తల ఊపింది.

"పొద్దటి సంది అందరు చెప్తనే ఉన్నరు. ఒకాయన దవాఖానకంటడు, ఒకాయన కోర్టుకంటడు. నీదే మంచిగున్నది. ఇంత మంచి అబద్ధం ఇయాల ఎవ్వరు చెప్పలే."

జీవితంలో ఎన్ని కథలు అల్లానో, ఒక్కదానికీ అంత మెప్పు రాలేదు. కానుక పళ్ళెంలో వేసి ఇసుకలోకి దిగాను. దేవదానం అప్పటికే చక్రాల చుట్టూ తిరుగుతున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"గట్లెట్లయితది బావా? నేను గాలి తీస్తి గదా."

"ఏడ తీసినవ్?"

"టైర్లల్ల."

నేను అతని మొహం చూశాను. అతను నా మొహం చూశాడు.

"టైర్లల్ల గాలి ఎందుకు తీసినవ్ దేవదానం?"

"నువ్వే అంటివి గద బావా, చలికాలం గాలి ఎండకాలం పనికిరాదని. పుల్లబడతదంటివి. ఆయిలు మార్చినట్టు గాలి గూడ మార్చాలంటివి. పొద్దుగాల నువ్వు కొత్త గాలి కొట్టంగనే నేను గదే అనుకున్న."

అన్నాను. వాళ్ళింట్లో ఎప్పుడో సంక్రాంతి సెలవుల్లో, చాయ్ తాగుతూ, ఊరికే ఉండలేక అన్నాను. అప్పుడు అక్కడున్నవాళ్ళంతా నవ్వి సగం కాదు, మొత్తం కొట్టేశారు. ఇతను ఒక్కడే దాచుకున్నాడు.

సరోజ మా వెనకే నిలబడి అంతా విన్నది. కోప్పడుతుందేమోనని నేను ఎదురుచూస్తుంటే ఇంకోటి చెప్పింది.

"నిన్నటి సంది లెక్కబెడుతున్న. ఇల్లందుల రెండు పాటలు. టేకులపల్లిల మూడు. గుట్ట మీద ఆగకుంట. మీరు నోరు తెరుస్తరేమో అని చూస్తున్న."

"మరి నువ్వెందుకు అడగలే?"

"అడిగితె కథ చెప్తరు గదా."

నేను పోయి డిక్కీ తెరిచాను. బ్రేక్ ఆయిలు డబ్బాలో సగం మిగిలి ఉంది, పాన సంచిలో ఉంది. మణుగూరు ఇంకా దూరం, మెకానిక్ ఎక్కడా లేడు. సరోజ చెప్పులు విడిచి డ్రైవరు సీట్లో కూర్చుంది. నేను చక్రం కింద దూరాను. దేవదానానికి ఆయిలు పోసే పని. బిరడాకు ఒక గొట్టం తగిలించి, దాని కొస అత్తమ్మ మంచినీళ్ళ సీసాలో పెట్టాం. సీసా అత్తమ్మే పట్టుకుంది.

"తొక్కు" అని అరుస్తాను. ఆమె తొక్కుతుంది. పాట మొదలవుతుంది. "పట్టు" అంటాను, బిరడా తిప్పుతాను, సీసాలో బుడగలు బుడబుడమంటాయి. బిగించి "వదులు" అంటాను. పాట ఆగుతుంది. ఇట్లా మూడుసార్లు అయ్యేసరికి జోగమ్మ వాళ్ళు గడ వదిలేసి మా దగ్గరికి వచ్చారు. బండి కింద నుంచి నాకు పాదాలే కనిపిస్తున్నాయి. పాట రాగానే పాదాలన్నీ కుడికి, ఆగగానే నిలబడతాయి, మళ్ళీ రాగానే ఎడమకు. సరోజ కూడా వాళ్ళ అడుగు చూసి తొక్కడం మొదలుపెట్టింది, నా మాట కోసం ఆగడం లేదు. "జల్దీ తిప్పండి, వాళ్ళు ఎదురుచూస్తుండ్రు" అని నన్నే తొందరపెట్టింది.

నా గుండె మాత్రం ఒక్కో బుడగతో పాటు పైకీ కిందికీ పోతోంది. ఒక్క చక్రంలో ఒక్క బుడగ మిగిలినా ముందు ఇంకో గుట్ట ఉంది.

నాలుగో చక్రం కింద ఉండగా అడవిలోంచి కేకలు వినిపించాయి. వేటకు పోయిన మగవాళ్ళు తిరిగి వచ్చారు. చేతుల్లో విల్లులున్నాయి, ఇంకేమీ లేదు. పాదాలన్నీ ఒక్కసారిగా పరుగెత్తాయి. వేట లేకుండా వచ్చిన మగవాళ్ళ మీద పేడనీళ్ళు గుమ్మరించడం ఆ పండుగలో ఆడవాళ్ళ హక్కు. కుండలు ముందే కలిపి పెట్టుకున్నారు. అరుపులు, నవ్వులు, నీళ్ళ చప్పుడు. ఏం జరుగుతోందో చూద్దామని బండి కిందనుంచి తల బయటపెట్టాను.

పైన జోగమ్మ, కుండతో.

"ఈయన గూడ ఒట్టి చేతులే గదా?" అని అడిగింది. నన్ను కాదు, సరోజను.

"అవ్" అంది సరోజ.

ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయి. అంతకుమించి చెప్పను.

తర్వాత సొరకాయ బుర్రలో జొన్న జావ ఇచ్చారు. మా ఇంట్లో జావ అంటే జ్వరం వచ్చినవాళ్ళకే. వీళ్ళు పుల్లగా పులియబెట్టి, ఉప్పు, పచ్చిమిరపకాయ నంజుకుని తాగుతారు. నేను రెండు బుర్రలు తాగేశాను. పేడనీళ్ళలో తడిసిన మగవాళ్ళు, నేనూ ఒకే వరసలో కూర్చుని ఒంటి మీది బట్టలు ఆరబెట్టుకున్నాం. ఇసుకలోంచి బండిని లాగింది కూడా వాళ్ళే.

బయల్దేరే ముందు సరోజ సీటు దిగకుండా ఒక్కసారి తొక్కింది. పెడలు గట్టిగా నిలబడింది. ఒక్క పాట. ఆమె కాలు తీయకుండా, ఆ పాట మొత్తం అయ్యేదాకా విన్నది. అది ఎట్లా ముగుస్తుందో అంతవరకు మాకెవ్వరికీ తెలియదు.

మణుగూరు, భద్రాచలం

ఆదివారం కూడికలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడిగారు. నేను లేచి, జరిగింది జరిగినట్లు, ఒక్క బుడగ కూడా పెంచకుండా చెప్పాను. జనం మర్యాదగా విన్నారు. భోజనాల దగ్గర తెలిసింది, వాళ్ళు బ్రేకును కొట్టేసి పేడనీళ్ళను ఉంచుకున్నారని. నిజమే అని అత్తమ్మ ఎంత చెప్పినా, అల్లుడి పరువు కోసం అంటోందిలే అనుకున్నారు. కొత్త గోడ మీద గడియారం ఐదు నిమిషాలు వెనక నడుస్తోంది. అది ఆ నీటి గండి దగ్గర జరిగిందని నాకు తెలుసు.

భద్రాచలం వంతెన మీద బండి నెమ్మదిగా పోనిచ్చాను. వేసవికి గోదావరి సన్నబడి, ఇసుక తిన్నెల మధ్య రెండు పాయలుగా పోతోంది. అందరూ నీళ్ళను చూశారు. నేను ఇసుకను చూశాను. ఏటవాలు కనిపిస్తే చాలు కాలు దానంతట అదే బిగుసుకుంటోంది. వచ్చేటప్పుడు కొత్తగూడెం మీదుగా, మంచి దారినే వచ్చాం. ప్రతి కూడలిలో ఒక్కటే పాట. అయినా ఖమ్మం పొలిమేర దాటేదాకా ఎవ్వరం గట్టిగా ఊపిరి తీయలేదు.

ఇల్లు

యాకోబన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేచి బండి చుట్టూ తిరిగాడు. చక్రాల సందుల్లో ఇసుక చూశాడు, నా చొక్కా మీద ఎంత ఉతికినా పోని ఆకుపచ్చ మరకలు చూశాడు, సంతోషంగా చెయ్యి చాపాడు.

"తాళాలియ్యి చెల్లే. మెకానిక్ చెయ్యి పడ్డట్టే ఉన్నది."

"పడలే" అంది సరోజ. "నా కాలు పడ్డది. నేను బాగు చేసుకున్న బండి నేనెందుకు ఇస్త?"

యాకోబన్న చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తాళాలు ఆమె కొంగున ఉన్నాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, నేను నడపాలన్నా అడిగి తీసుకోవాలి.

ఇంత బాధ పడ్డాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. యాకోబన్నకు చాయ్ ఇచ్చి పక్కన కూర్చున్నాను. గుట్ట దిగుతుంటే మలుపులో చిరుతపులి ఒకటి అడ్డంగా నిలబడిందని, దాన్ని తప్పించడానికే ఇసుకలోకి ఎక్కించానని, అది బానెట్ మీదికి దూకి అద్దంలోంచి నన్నే చూసిందని చెప్తున్నాను. యాకోబన్న చాయ్ తాగడం మరిచిపోయాడు. నేను పులి మీసాల దగ్గరికి వచ్చాను.

వంటింట్లోంచి సరోజ తమ్ముణ్ణి పిలిచింది.

"దేవదానం, జర గాలి తియ్యిరా."

దేవదానం బండి దగ్గర నిలబడి ఇసుక దులుపుతున్నాడు. ఈసారి తొందరపడలేదు. చేతులు తుడుచుకుని గుమ్మం దాకా వచ్చి, చాలా శ్రద్ధగా అడిగాడు.

"ఏ గాలి అక్కా? టైర్లదా, బ్రేకుదా, బావదా?"